పది నెలల అద్దె వంటింట్లో కేకు ఎందుకు కుదరడం లేదు?

మీ ప్రశ్న సారాంశం ఇది. మియాపూర్‌లో ఆరేళ్లుగా ఓటీజీ అనే చిన్న కరెంటు ఓవెన్‌లో కేకులు, బిస్కెట్లు చేస్తున్న మీరు, మీ వారి ప్రాజెక్టు పని మీద పది నెలల కోసం డాలస్ చేరారు. అద్దె ఇంట్లో పెద్ద ఎలక్ట్రిక్ ఓవెన్ ఉంది. ఇక్కడ ఎన్నడూ తప్పని మీ కండెన్స్‌డ్ మిల్క్ కేకు అక్కడ మూడుసార్లూ పైన మాడి మధ్యలో పచ్చిగా మిగిలింది. సంక్రాంతికి నలుగురికీ పంచాలనుకున్న ఉస్మానియా బిస్కెట్లు అప్పచ్చుల్లా పరుచుకుపోయాయి. హైదరాబాదు నుంచి మోసుకెళ్లిన మిక్సీ మూలుగుతోంది తప్ప తిరగడం లేదు. ఈ పది నెలలకు అన్నీ కొత్తవి కొనుక్కోవాలా, ఉన్నవాటితో సర్దుకోవాలా అని అడిగారు.

నేను పద్మారావు నగర్‌లో పన్నెండేళ్లుగా ఇంటి దగ్గరే బేకింగ్ నేర్పుతున్నాను. అంతకు ముందు మా వారి ఉద్యోగరీత్యా రెండేళ్లు ఒహాయోలో అద్దె ఇంట్లో కాపురం చేశాను కాబట్టి మీరు రాసిన ప్రతి ఇబ్బందీ నాకు అనుభవమే. నా దగ్గర నేర్చుకుని అమెరికా వెళ్లినవాళ్లలో కొందరు దాదాపు ఇదే ప్రశ్నతో ఫోన్ చేస్తుంటారు. కేకు చెడగానే వాళ్లు మైదా మారుస్తారు, బేకింగ్ పౌడరు పెంచుతారు, పాలు తగ్గిస్తారు. ఒకేసారి మూడు నాలుగు మార్చేస్తే, తర్వాతి కేకు బాగా వచ్చినా ఎందుకు వచ్చిందో తెలియదు. అందుకే ముందుగా చెబుతున్నాను, మీ కొలతల జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఆరేళ్లు కుదిరిన కొలతలు విమానం ఎక్కినంత మాత్రాన చెడిపోవు. ఆ ఓవెన్ నిజంగా ఎంత వేడెక్కుతోందో, ఏ వైపు నుంచి వేడెక్కుతోందో తెలుసుకున్నాకే మిగతా సంగతులు చూడాలి.

మన ఇళ్లలోని ఓటీజీ సాధారణంగా 28 నుంచి 40 లీటర్లు ఉంటుంది. పై రాడ్లూ కింది రాడ్లూ కేకుకు దగ్గరగా ఉంటాయి, రెండూ కలిసి వెలుగుతాయి, చిన్న పెట్టె కాబట్టి పది పన్నెండు నిమిషాల్లో సిద్ధమవుతుంది. మీ ఇంట్లో ఉన్నది పొయ్యి కింద అమర్చిన 30 అంగుళాల ఓవెన్ అనుకుంటే, దాని లోపలి ఖాళీ సుమారు 5 ఘనపుటడుగులు, అంటే 140 లీటర్లు. దాని మీద బేక్ అని ఉన్న మీట నొక్కితే వేడి ప్రధానంగా కింది నుంచి వస్తుంది. బ్రాయిల్ అంటే పై రాడ్ ఒక్కటే, అది కేకులకు పనికిరాదు. అయితే చాలా ఓవెన్లలో, బేక్ నొక్కినా సరే, ప్రీహీట్ అవుతున్నంతసేపూ త్వరగా వేడెక్కడానికి పై రాడ్ కూడా వెలుగుతూ ఉంటుంది. ఈ సంగతి మన ఓటీజీ అలవాటుతో వెళ్లినవాళ్లకు తట్టదు.

మీరు రాసిన వివరాలలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. బీప్ వినిపించగానే టిన్నును పై అరలో పెట్టానన్నారు. ఆ బీప్ లోపలి గాలి వేడెక్కిందని మాత్రమే చెబుతుంది, గోడలూ తలుపూ ఇంకా వేడిని పట్టుకుని ఉండవు. మీరు తలుపు తెరవగానే ఆ వేడి గాలి బయటికి పోతుంది, ఓవెన్ పోయిన వేడిని తిరిగి తెచ్చుకోవడానికి రాడ్లను పూర్తి శక్తితో వెలిగిస్తుంది, ఆ సమయంలో మీ కేకు పై రాడ్‌కు జానెడు దూరంలో ఉంటుంది. పైభాగం ఇరవై నిమిషాల్లో గట్టిపడి రంగు తిరుగుతుంది, మధ్యభాగానికి వేడి అందేలోపే మాడుతోందని భయపడి మీరు బయటికి తీసేస్తారు. మీ మూడు కేకులకూ జరిగింది ఇదేనని నాకు దాదాపు నమ్మకం. ఈసారి అరను మధ్యకు మార్చండి. టిన్ను పెట్టాక కేకు నడిమి భాగం ఓవెన్ ఎత్తుకు సరిగ్గా మధ్యన ఉండాలి. బీప్ వచ్చాక ఇంకో పదిహేను ఇరవై నిమిషాలు తలుపు తీయకుండా ఆగండి. కరెంటు వృథా అవుతోందని మనసు పీకుతుంది కానీ ఆ నిరీక్షణే కేకును నిలబెడుతుంది.

ఇక అంకెల సంగతి. 180 డిగ్రీల సెల్సియస్‌కు 350 డిగ్రీల ఫారెన్‌హీట్ పెట్టానన్నారు, అది సరైన పనే. కచ్చితంగా లెక్క వేస్తే 350 అంటే 177 సెల్సియస్ అవుతుంది, ఆ మూడు డిగ్రీల తేడా కేకుకు అడ్డు కాదు. బిస్కెట్లకు వాడే 325 అంటే 163, బన్నులకూ పఫ్‌లకూ వాడే 400 అంటే 204 అని ఒక కాగితం మీద రాసి ఓవెన్ పక్కన అంటించుకోండి. అయితే మీరు పెట్టిన అంకే లోపల ఉందా అన్నది వేరే ప్రశ్న. ఒహాయోలో మా అద్దె ఇంటి ఓవెన్ విషయంలో నేను నెల రోజులు నన్ను నేనే తప్పుపట్టుకున్నాను. చివరికి ఓవెన్‌లో వేలాడదీసే చిన్న థర్మామీటరు ఒకటి కొని మధ్య అర కమ్మీకి తగిలించాను. 350 పెట్టి, బీప్ వచ్చాక ఇరవై నిమిషాలు ఆగి, దీపం వేసి తలుపు అద్దంలోంచి చూశాను. ముల్లు 385 దగ్గర నిలబడి ఉంది. అంటే నేను 180 అనుకుంటూ 196 సెల్సియస్‌లో కేకులు కాలుస్తున్నాను. ఆ రోజు నుంచి 315 పెట్టడం మొదలుపెట్టాను, అదే కొలతలతో అదే కేకు మళ్లీ ఇంట్లో చేసినట్టే వచ్చింది.

థర్మామీటరు చేతికి వచ్చేలోపు పంచదారతో ఒక పరీక్ష చేయవచ్చు. పంచదార 186 సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఒక చెంచాడు పంచదారను ఫాయిల్ మీద పలుచగా పరిచి, బాగా వేడెక్కిన ఓవెన్‌లో 350 దగ్గర పదిహేను నిమిషాలు ఉంచండి. అది పలుకులు పలుకులుగానే ఉండాలి. కరిగిపోయిందంటే మీ ఓవెన్ చెప్పినదానికంటే ఎక్కువ వేడెక్కుతోంది. తర్వాత మరో చెంచాడును 375 దగ్గర అంతేసేపు ఉంచండి. ఈసారి కరగాలి, కరగకపోతే ఓవెన్ తక్కువ వేడెక్కుతోంది. ఏ మూల వేడి ఎక్కువో తెలియాలంటే అర నిండా బ్రెడ్ ముక్కలు పరిచి 350 దగ్గర పది నిమిషాలు ఉంచి చూడండి. వెనుక ఎడమ మూల ముక్కలు ముందు ఎర్రబడితే, ఇకపై కేకు మూడు వంతుల సమయం గడిచాక టిన్నును ఒకసారి తిప్పాలని అర్థం. డిజిటల్ ఓవెన్లు చాలావాటిలో ఈ తేడాను లోపలే సరిచేసే వీలుంటుంది, దాని పద్ధతి ఆ మోడల్ పుస్తకంలో ఉంటుంది. కానీ ఇల్లు మీది కాదు కాబట్టి, యజమానిని అడగకుండా ఆ అమరిక మార్చకుండా, మీరే అంకె తగ్గించి పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం.

మీ ఓవెన్‌లో కన్వెక్షన్ అనే మీట ఉంటే, అది ఫ్యాన్ సాయంతో వేడి గాలిని తిప్పుతుంది. దానికి 25 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గించి పెట్టాలి. కొన్ని ఓవెన్లు ఆ తగ్గింపును తామే చేసుకుంటాయి, అలాంటప్పుడు మీరూ తగ్గిస్తే కేకు ఉడకదు. బిస్కెట్లకు ఈ పద్ధతి బాగుంటుంది, కేకుకు మాత్రం మామూలు బేక్ చాలు. టిన్ను విషయం కూడా గమనించండి. ఇక్కడ మీరు వాడినది బేగంబజారులో దొరికే తెల్లటి అల్యూమినియం టిన్ను, అక్కడ కొన్నది నల్లటి నాన్‌స్టిక్ టిన్ను. నలుపు వేడిని ఎక్కువగా పీల్చుకుని అంచులను ముందే గట్టిపరుస్తుంది, అందుకని 25 డిగ్రీలు తగ్గించడం ఆనవాయితీ. పైగా అక్కడ ఎక్కువగా దొరికేది 9 అంగుళాల టిన్ను. దాని వైశాల్యం మన 8 అంగుళాల టిన్ను కంటే నాలుగో వంతుకు పైగా ఎక్కువ, కాబట్టి అదే పిండి పలుచగా పరుచుకుని త్వరగా ఉడుకుతుంది. 8 అంగుళాల మెరిసే అల్యూమినియం టిన్ను ఒకటి కొనుక్కుంటే ఈ రెండు చిక్కులూ ఒకేసారి తీరతాయి.

ఓవెన్ దారికి వచ్చాక సరుకుల దగ్గరికి వెళ్దాం. ఇక్కడ నేను గట్టిగా చెప్పేది ఒకటే, గ్రాముల్లో తూచే చిన్న త్రాసు కొనండి. అమెరికా కప్పు 237 మిల్లీలీటర్లు, ఇక్కడ మనం కప్పు అనేది 200 నుంచి 250 దాకా ఏదైనా కావచ్చు. కప్పును పిండిలో ముంచి తీస్తే 145 గ్రాములు, చెంచాతో వదులుగా నింపితే 120 గ్రాములు వస్తుంది. ఇంత తేడా ఉన్నప్పుడు ఏ కొలతనూ నమ్మలేము. మీ ఆరేళ్ల వంటకాలు కప్పుల్లో ఉంటే, మియాపూర్‌లో మీ అత్తగారినో పక్కింటివారినో అడిగి, మీరు వాడిన అదే కప్పుతో మైదా, పంచదార తూయించి ఆ అంకెలు తెప్పించుకోండి. ఇది చిన్న పనే కానీ దీనితో సగం సమస్య తీరుతుంది.

మైదాకు బదులుగా అక్కడ ఆల్ పర్పస్ ఫ్లోర్ దొరుకుతుంది. అది దాదాపు అదే పనిచేస్తుంది కానీ నీటిని పీల్చుకోవడంలో రెంటికీ కాస్త తేడా ఉండవచ్చు, అందువల్ల అక్కడ పిండి జారుగా అనిపిస్తే పాలు ఒకటి రెండు చెంచాలు తగ్గించండి. మెత్తటి స్పాంజి కావాలంటే కప్పు పిండిలో రెండు పెద్ద చెంచాలు తీసేసి అంతే కార్న్‌స్టార్చ్ కలపండి. మనం ఇక్కడ కార్న్‌ఫ్లోర్ అని పిలిచే తెల్లటి పొడికి అక్కడ పేరు కార్న్‌స్టార్చ్. అక్కడ కార్న్‌ఫ్లోర్ అని అమ్మేది మొక్కజొన్నను అలాగే విసిరిన పిండి, అది కేకులో పడితే గరుకుగా ఉంటుంది. పంచదారలోనూ ఇలాంటి మెలికే ఉంది. మన పంచదార పలుకులు పెద్దవి కాబట్టి మిక్సీలో పొడి చేసి వాడడం మనకు అలవాటు. ఆ అలవాటుతోనే అందరూ అక్కడ పౌడర్డ్ షుగర్ కొంటారు. అందులో పొడి ఉండకట్టకుండా కార్న్‌స్టార్చ్ కలుపుతారు, పైగా అంత మెత్తటి పొడి వెన్నతో కలిపి గిలకొట్టినప్పుడు గాలిని పట్టుకోదు. అక్కడి మామూలు గ్రాన్యులేటెడ్ పంచదారే మన దానికంటే సన్నంగా ఉంటుంది, కేకుకు దాన్నే నేరుగా వాడండి. పౌడర్డ్ షుగర్‌ను బిస్కెట్లకూ ఐసింగ్‌కూ ఉంచుకోండి.

పాల విషయంలో ఒక మాట. మనం ఇక్కడ వాడే ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం వెన్న ఉంటుంది, అక్కడి హోల్ మిల్క్‌లో 3.25 శాతమే. కేకు పొడిగా తోస్తే ఇదీ ఒక కారణం, రెండు చెంచాల హెవీ క్రీమ్ కలిపితే సరిపోతుంది. ఆ హెవీ క్రీమ్‌లో కనీసం 36 శాతం వెన్న ఉంటుంది కాబట్టి చక్కగా నురగ కడుతుంది. ఇక్కడ 25 శాతం వెన్న ఉన్న డబ్బా క్రీమును గంటసేపు గిలకొట్టి విసిగిపోయినవాళ్లకు ఇది నిజంగా వరం. పుట్టినరోజు కేకుల మీద మనం వాడే వెజిటబుల్ క్రీము జోలికి అక్కడ పోనవసరమే లేదు.

ఉస్మానియా బిస్కెట్లు పరుచుకుపోవడానికి కారణం వెన్న అని నేను అనుకుంటున్నాను. మే నెలలో మన వంటింట్లో వెన్న పది నిమిషాల్లో మెత్తబడుతుంది. అక్కడ ఇంటి లోపల ఎప్పుడూ ఒకే చల్లదనం కాబట్టి గంట పెట్టినా గట్టిగానే ఉంటుంది, దాంతో ఓపిక లేక మైక్రోవేవ్‌లో పెడతాము. మైక్రోవేవ్‌లో వెన్న పైకి గట్టిగా కనిపించినా లోపల కరిగిపోయి ఉంటుంది, ఆ పిండితో చేసిన బిస్కెట్టు ఓవెన్‌లో నిలబడదు. వెన్నను చిన్న ముక్కలుగా కోసి పళ్లెంలో పరిచి అరగంట బల్ల మీద వదిలేయండి. వేలితో నొక్కితే గుంట పడాలి, వేలికి జిడ్డు అంటకూడదు. బిస్కెట్లు కోశాక ట్రేతో సహా ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, 325 దగ్గర కాల్చండి. ఉస్మానియా రుచి తీపిలో కలిసిన ఆ ఉప్పదనంలో ఉంటుంది, దాన్ని మనకు ఇక్కడి ఉప్పు వెన్నే ఇచ్చేస్తుంది. అక్కడ ఉప్పు లేని వెన్న కొన్నట్లయితే, 113 గ్రాములుండే ఒక్కో కడ్డీకి పావు టీస్పూనుకు కాస్త ఎక్కువ ఉప్పు కలపండి. కస్టర్డ్ పౌడరు, యాలకులు, కుంకుమపువ్వు భారతీయ సరుకుల దుకాణంలో దొరుకుతాయి. పైన పాలు రాసేటప్పుడు చిటికెడు కుంకుమపువ్వు నానబెట్టిన పాలు రాయండి, ఇరానీ హోటల్ గాజు జాడీలో కనిపించే ఆ రంగు వస్తుంది.

ఇక మిక్సీ. దయచేసి దాన్ని అక్కడి ప్లగ్గులో మళ్లీ పెట్టకండి. అది 230 వోల్టులకు తయారైంది, అక్కడి గోడలో వచ్చేది 120 వోల్టులు. సగం వోల్టేజికి మోటారు తగినంత బలం తెచ్చుకోలేదు, పప్పు వేసిన జార్ బిగిస్తే మూలుగుతూ అక్కడే నిలిచి వేడెక్కుతుంది. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు కొంటే తిరుగుతుంది నిజమే, కానీ 750 వాట్ల మిక్సీకి, అది మొదలయ్యేటప్పుడు లాగే కరెంటును తట్టుకోవడానికి, కనీసం రెట్టింపు సామర్థ్యం ఉన్నది కావాలి. అది బరువు, ఖరీదు, వంటింటి గట్టు మీద అడ్డం. వెట్ గ్రైండరుకు ట్రాన్స్‌ఫార్మరు కూడా పూర్తి పరిష్కారం కాదు. దాని మోటారు వేగం కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది, మన 50 హెర్ట్జ్‌కు తయారైన గ్రైండరు అక్కడి 60 హెర్ట్జ్‌లో ఐదో వంతు ఎక్కువ వేగంగా తిరుగుతుంది. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల దుకాణాల్లో అక్కడి కరెంటుకు సరిపోయే 110 వోల్టుల భారతీయ మిక్సీల కోసం అడగండి. లేదా హైదరాబాదు నుంచి వచ్చే ఎవరి చేతనైనా తెప్పించుకోండి, ఇక్కడ పెద్ద దుకాణాల్లో విదేశాలకు వెళ్లేవాళ్ల కోసం వాటిని విడిగా అమ్ముతారు. గిలకొట్టే బీటరు మాత్రం అక్కడిదే కొనండి, చౌకలో వస్తుంది.

మిగతా పరికరాల గురించి మీరు అడగకపోయినా కొత్తలో అందరినీ కంగారుపెట్టే కొన్నింటిని చెప్పేస్తాను. వంటింటి గట్టు మీది ప్లగ్గు ఒక్కసారిగా పనిచేయడం మానేస్తే, దాని మధ్యన ఉన్న రీసెట్ బొత్తాన్ని నొక్కి చూడండి, భద్రత కోసం అది తానే ఆగిపోతుంది. మైక్రోవేవ్, రైస్ కుక్కర్, టోస్టర్ ఒకేసారి ఒకే వరుస ప్లగ్గుల్లో నడపకండి. పోపు పెట్టే ముందు కిటికీ తెరిచి పొయ్యి పైన ఫ్యాన్ వేయండి, పొగకు అలారం మోగుతోందని దాని బ్యాటరీ మాత్రం ఎప్పుడూ తీయకండి. గాజు పలక పొయ్యి మీద అట్ల పెనం ఈడిస్తే గీతలు పడతాయి. పంచదార పాకం పొంగి దాని మీద పడి చల్లారితే గాజు పెచ్చులూడుతుంది, కాబట్టి అరిసెల పాకం పట్టేటప్పుడు పక్కకు తిరగకండి. సింకులోని చెత్త రుబ్బే యంత్రంలో మునగకాయ తొక్కులు, అన్నం, కరివేపాకు రెబ్బలు వేస్తే గొట్టం పూడుకుపోతుంది, ఆ ఖర్చు అద్దెకున్నవాళ్ల మీదే పడవచ్చు. ఇనుప బాణలినీ ఇత్తడి గిన్నెలనూ డిష్‌వాషర్‌లో పెట్టకండి, అందులో చేతితో గిన్నెలు తోమే సబ్బు ద్రవం పోయకండి, నురగ వంటిల్లంతా వస్తుంది.

ఇది చదివే వేరే ఊళ్లవారికి ఒక్క మాట. డాలస్ మన హైదరాబాదు కంటే ఎత్తైన చోటేమీ కాదు, కాబట్టి ఈ ప్రశ్న అడిగినావిడ ఊరి ఎత్తు గురించి ఆలోచించనక్కరలేదు. 1,600 మీటర్ల ఎత్తున ఉన్న డెన్వర్ లాంటి చోట ఉన్నవాళ్లు మాత్రం బేకింగ్ పౌడరు తగ్గించి, పాలు కొంచెం పెంచి, వేడిని 15 నుంచి 25 డిగ్రీల ఫారెన్‌హీట్ పెంచాలి. లేకపోతే కేకు ఓవెన్‌లో పొంగి బయటికి రాగానే కుంగిపోతుంది.

పది నెలలకు ఏమి కొనాలన్న మీ అసలు ప్రశ్నకు నా జవాబు ఇది. ఓవెన్ థర్మామీటరు, గ్రాముల త్రాసు, 8 అంగుళాల అల్యూమినియం టిన్ను, ఒక బీటరు, 110 వోల్టుల మిక్సీ. ఇంతకు మించి కొనవద్దు. ఈ ఆదివారం అదే కండెన్స్‌డ్ మిల్క్ కేకును, అవే కొలతలతో, మధ్య అరలో, థర్మామీటరు చెప్పిన 350 దగ్గర కాల్చండి. 35 నిమిషాలకు పుల్ల గుచ్చి చూడండి, తడి అంటితే ఐదేసి నిమిషాలు పెంచండి. పైన రంగు ముందే వచ్చేస్తే ఫాయిల్‌ను వదులుగా కప్పండి. అక్కడ కుదిరిన ప్రతి వంటకాన్నీ గ్రాముల్లో, సెల్సియస్‌లో, టిన్ను కొలతతో సహా నోటుబుక్కులో రాసి ఉంచండి, తిరిగి వచ్చాక మీ ఓటీజీలో అవే పనికి వస్తాయి. త్రాసూ టిన్నూ థర్మామీటరూ పెట్టెలో పెట్టుకుని రండి. బీటరూ మిక్సీ మాత్రం అక్కడే ఎవరికైనా ఇచ్చేయండి, 110 వోల్టుల మోటారును మియాపూర్‌లో 230 వోల్టుల ప్లగ్గుకు పెడితే నిమిషాల్లో కాలిపోతుంది.